ఆవ పెట్టిన కువైట్ రొట్టె

అమలాపురం,
డిసెంబరు, 1986.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి సువర్ణకు నీ భర్త ఏడుకొండలు ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ పాప, మీ అమ్మగారు, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ కువైట్‌లో నువ్వు కూడా బాగానే ఉన్నావని నీ ఉత్తరంలో ఉంది. ఉంది అని మాత్రమే రాస్తున్నాను, నమ్మానని రాయడం లేదు. ఎందుకు నమ్మలేదో చెప్పాలంటే చాలా సంగతులు చెప్పుకు రావాలి. కాబట్టి దీన్ని పని మధ్యలో చదవకు. మేడం పిల్లలు పడుకున్నాక, నీ గదిలో తలుపు వేసుకుని చదువుకో.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు. పాప తలలో పేలు పోయాయి. మీ అమ్మగారు వేపనూనె రాసి, ఏడ్చినా వదలకుండా దువ్వి దువ్వి పోగొట్టారు. మూడో తరగతి లెక్కల్లో పరవాలేదని మాస్టారు చెప్పారు గానీ, ఆయన మొహం చూస్తే పరవాలేదన్నట్టు లేదు. నువ్వు పంపిన గౌను పొడుగైంది, అడుగున మడిచి కుట్టించాం. పాలవాడు నీళ్ళు ఇంకా కలుపుతున్నాడా అని అడిగావు. కలుపుతున్నాడు. గేదె దగ్గర నిలబడి నా కళ్ళెదురుగా పితికించుకుంటున్నా కలుపుతున్నాడు. ఎలా కలుపుతున్నాడో ఇంకా అంతుపట్టలేదు. పట్టుకుంటాను.

ఇక అసలు ప్రశ్న. మేడం నీ అకామా, అదే అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి కాగితం, ఇంకో రెండేళ్ళకి రాయిస్తానంటోందని రాశావు. 'బండి ఇంకా అలాగే నడుస్తోందని మీరు రాస్తే మాఘమాసంలో వచ్చేస్తాను, నడవకపోతే ఇక్కడే ఉంటాను, మీ మాట మీద ఉంది' అన్నావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఒక మనిషి రెండేళ్ళ బతుకు నా బండి మీద ఆధారపడి ఉందంటే తొందరపడి జవాబు రాయకూడదనుకున్నాను.

బండి ఆలోచన నీదే గదా. మేడం పిల్లల్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళినప్పుడు అక్కడ ఒకతను బండి మీద పొడుగు రొట్టె చీల్చి, మధ్యలో వేలంత పొడుగు మాంసం చుట్ట పెట్టి అమ్ముతుంటే జనం క్యూ కట్టారని, దాన్ని హాట్ డాగ్ అంటారని, మన అమలాపురంలో అలాంటిది లేదని నువ్వే రాశావు. నువ్వు రాసినది రాసినట్టే చేశాను. బేకరీ ఆయన దగ్గర పొడుగు బన్నులు చేయించాను. కైమా నూరి, మసాలా కలిపి, వేళ్ళలా చుట్టి పెనం మీద కాల్చాను. చారల గుడ్డతో గొడుగు కుట్టించి బండికి కట్టాను. ఆ ఇంగ్లీషు పేరు పెడితే మన వాళ్ళు దగ్గరికి రారని, బస్టాండు పక్కన బోర్డుల ఆయన చేత 'ఆవ పెట్టిన కువైట్ రొట్టె' అని పచ్చరంగుతో రాయించాను.

ఆవ ఎందుకంటావా? పైన పచ్చటి ఆవముద్ద గీతలా పోస్తారని నువ్వు రాయలేదూ? ఆవ మనకి తెలియనిదా, పనసపొట్టు కూరలో పెట్టుకునేదే గదా అనుకున్నాను. పొద్దున్నే రోటి దగ్గర కూర్చుని పచ్చి ఆవాలు, పసుపు, ఉప్పు వేసి మెత్తగా నూరి, సీసాకెత్తి, సాయంత్రం బేరం దాకా ఉంచేవాడిని. మీ అమ్మగారు ఆ సీసా వైపు చూసి ఏదో అనబోయి ఊరుకునేవారు. అల్లుడి పనిలో తప్పు పడితే బాగుండదని ఆవిడ మొహమాటం.

మొదటిరోజు జనం బాగానే వచ్చారు. అందరూ తిన్నారు. అందరూ బాగుందన్నారు. నాకు అనుమానం అక్కడే మొదలైంది.

బ్యాంకులో పనిచేసే ఒకాయన, నెత్తిమీద టోపీ పెట్టుకుంటాడే, ఆయన సగం తిని ఆగాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"ఆయ్, బ్రహ్మాండంగా ఉందండి. ఇలాంటిది మన జిల్లాలోనే ఎక్కడా తినలేదండి."

"ఇంకోటి చెయ్యమంటారా?"

"అబ్బే, రేపు తప్పకుండా వస్తానండి. మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తానండి."

మర్నాడు ఆయన రోడ్డుకి అవతలి పక్కన, వాన లేకపోయినా గొడుగు కిందికి దించుకుని వెళ్ళిపోయాడు. ఆయనొక్కడే కాదు. నిన్న మెచ్చుకున్న ప్రతి మనిషికీ ఈ రోజు నా బండి ముందు నుంచి నడవడానికి దారి లేకుండా పోయింది. మన ఊరి సంగతి నీకు తెలియనిదేముంది? పెళ్ళిలో సాంబారు మాడిపోయినా 'ఆ వాసనే బాగుందండీ' అంటూ ఇంకో గరిటె పోయించుకునే జనం. ఎదటివాడు నొచ్చుకుంటాడని నిజం మింగేస్తారు. అలాంటి ఊళ్ళో తిండి అమ్మేవాడు ఎవరిని నమ్మాలి?

నేను పక్క బండి దొరబాబుని అనుమానించాను. పునుగులు వేస్తాడు. వారం తిరక్కుండానే నా దగ్గరికొచ్చి, "మీ బండి వచ్చేక మాకు బేరాలు పెరిగేయండి. మీ దగ్గర తిన్నోళ్ళు నేరుగా మా దగ్గరికే వస్తున్నారండి, ఆయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వీడే ఏదో చేయించాడు, దిష్టి కొట్టాడు అనుకుని నిమ్మకాయా మిరపకాయలూ దండగుచ్చి గొడుగుకి కట్టాను. తరవాత బేకరీ ఆయన్ని అనుమానించాను, నిన్నటి బన్నులు ఇస్తున్నాడేమోనని. ఆయన పాపం బట్టీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. కైమా కొట్టేవాణ్ణి అనుమానించాను. ఆఖరికి నీ మీద కూడా వచ్చింది. ఏదో ఒకటి రాయకుండా మరిచిపోయావేమోనని నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను.

రోజూ తప్పకుండా వచ్చిన మనిషి ఒక్కడే, మీ అన్నయ్య మాణిక్యాలరావు. కొబ్బరి కొట్టులో పని అవగానే వచ్చి, రెండు రొట్టెలు కట్టించుకుని, "చాలా బావుంటున్నాయి బావగారూ" అని పొట్లం పట్టుకుని వెళ్ళేవాడు. మా బావ ఒక్కడైనా ఉన్నాడు గదా అని గర్వపడ్డాను. ఇంతలో కార్తీకమాసం వచ్చింది.

మీ అన్నయ్య కార్తీకం నీకు తెలుసు గదా. తెల్లవారకముందే కాలవలో స్నానం, ఒంటిపూట భోజనం, శనివారం అప్పనపల్లి వెళ్ళి దేవుణ్ణి చూసి రావడం. ఉల్లిపాయ కోసిన కత్తితో వంకాయ కోస్తే ఆ కూర ముట్టడు. అలాంటి మనిషి కార్తీక సోమవారం నాడు విభూతి రేకలతో వచ్చి, "రెండు కట్టండి బావగారూ" అన్నాడు. కైమా రొట్టెలు! నేను కట్టిచ్చాను. ఇందులో ఏదో ఉంది అనుకున్నాను. బండి దొరబాబుకి ఒప్పజెప్పి, దూరంగా మీ అన్నయ్య వెనకాలే నడిచాను.

తిన్నగా కాలవ గట్టు మీదికి వెళ్ళాడు. అక్కడ కుక్కలు తోకలు ఊపుకుంటూ ఎదురొచ్చాయి. అంటే ఇది అలవాటే అన్నమాట. పొట్లం విప్పి, రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని రెండు రొట్టెలూ వాటి ముందు పెట్టాడు. అవి కైమా తిన్నాయి. బన్ను తిన్నాయి. ఆవ అంటిన ముక్కల దగ్గరికొచ్చి వాసన చూసి, తుమ్మి, వెనక్కి తగ్గాయి. చూస్తే గట్టు నిండా అలాంటి పచ్చటి ముక్కలే, ఎండిపోయి.

నేను వెళ్ళి ఒక ముక్క తీసి నాలిక మీద పెట్టుకున్నాను. సువర్ణా, అది చేదు విషం! ఆవ అప్పటికప్పుడు నూరి కూరలో కలుపుకోవాలి గానీ, పొద్దున్న నూరి సాయంత్రం దాకా ఉంచితే ఏమవుతుందో నా బుర్రకి తట్టలేదు. బండి మీద పెట్టేముందు నేను కైమా రుచి చూశాను, బన్ను రుచి చూశాను. ఆవ మనకి తెలిసినదే గదా అని దాన్ని మాత్రం చూడలేదు. దొరబాబు దగ్గరికి జనం పరిగెత్తింది నోరు బాగుచేసుకోవడానికి. ఊరు ఊరంతా కలిసి చెప్పని మాట ఆ కుక్కలు చెప్పాయి. వాటికి మొహమాటం లేదు.

మీ అన్నయ్య నన్ను చూసి పొట్లం కాగితం వెనక్కి దాచుకున్నాడు.

"ఇదేంటి బావగారూ?" అన్నాను.

"చెల్లాయి రాసిందండి. మొదట్లో బేరం లేకపోతే మీరు అనుమానం పెట్టుకుని బండి కట్టేస్తారంట. రోజూ వెళ్ళి రెండు కొనమందండి. తినమని రాయలేదు గదండీ."

"మరి బండి ఎలా ఉందని రాసేరు మీ చెల్లాయికి?"

"బ్రహ్మాండంగా నడుస్తోందని రాసేనండి." అని, "మీరేం రాసేరండి?" అన్నాడు.

"నేనూ అదే రాసేనండి."

అదీ సంగతి. కిందటి రెండు ఉత్తరాల్లో బండి బ్రహ్మాండం అని నీకు రాసినదంతా అబద్ధం. నువ్వు చెప్పిన వంట, నువ్వు చెప్పిన బండి, బాగా లేదంటే అంత దూరంలో నొచ్చుకుంటావని రాశాను. నేనూ ఈ ఊరి వాడినే గదా.

ఆ రోజే ఆవ మానేశాను. దాని బదులు ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, నిమ్మకాయ రసం. మీ అన్నయ్యని బండి దగ్గరికి రావద్దని దణ్ణం పెట్టాను, ఆయన కొంటే నాకు నిజం తెలియదు గదా. రెండు రోజులు చూశాక రాజోలు బస్సు డ్రైవరు ఒకాయన కిందికి దిగకుండా కిటికీలోంచే చెయ్యి చాచి, "నిన్నటిదే ఇంకోటి కట్టండి, తొందరగా" అన్నాడు. బాగుందని అనలేదు. ఆ మనిషిని నమ్మాను.

కాబట్టి బండి సంగతి ఇప్పుడు నిజంగా రాస్తున్నాను. కొంచెం కొంచెం నడుస్తోంది. ముందు ముందు ఎలా ఉంటుందో నాకు తెలియదు. బోర్డు మీద 'ఆవ పెట్టిన' అన్న మాట ఇంకా చెరిపించలేదు, రంగుల ఆయన పండగ పనుల్లో ఉన్నాడు. అదొక్కటీ గుర్తుపెట్టుకో.

ఆ తరవాత నన్ను వేరే పురుగు తొలవడం మొదలుపెట్టింది. బండి నడవాలని నీకెందుకంత ఆత్రం? నాకు తెలియకుండా అన్నయ్యని కాపలా పెట్టి మరీ నడిపించాలనుకున్నావెందుకు? నీ ప్రతి ఉత్తరంలో మేడం చాలా మంచిది, చాలా బాగా చూస్తుంది అని రాస్తావు. అడక్కుండానే రాస్తావు. నా బండి దగ్గర 'బ్రహ్మాండం, బ్రహ్మాండం' అన్నవాళ్ళందరూ గుర్తొచ్చారు.

కిందటి గురువారం సలోమి గారు వచ్చారు. మీ పక్కింట్లో పనిచేసే రాజోలు ఆవిడే, సెలవు మీద వచ్చి నువ్వు పంపిన సబ్బులూ పాప గౌనూ ఇవ్వడానికి తిన్నగా బండి దగ్గరికే వచ్చారు. కూర్చోబెట్టి రొట్టె చేతికిచ్చాను.

"మా ఆవిడ ఎలా ఉందండీ?" అన్నాను.

"ఆయ్, బాగున్నారండి. చాలా బాగున్నారండి." అని గబుక్కున రొట్టె కొరికారు. తల ఎత్తలేదు. కొరుకుతూనే ఉన్నారు, మాట్లాడడానికి నోరు ఖాళీ లేనట్టు.

"ఒంట్లో బాగుంటోందా? వేళకి తింటోందా?"

"బాగుంటోందండి." రెండు కళ్ళల్లోంచీ నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి.

"అయ్యో, ఏంటండీ ఆ కన్నీళ్ళు?"

ఆవిడ తల ఎత్తి బోర్డు వైపు చూశారు. పైట చెంగుతో మొహం తుడుచుకుని, "ఆవ అండి. ఘాటు బాగా తగిలిందండి. చాలా బాగుందండి రొట్టె" అన్నారు.

ఆ రొట్టెలో ఆవ లేదు సువర్ణా.

నేను ఇంకేమీ అడగలేదు. అడిగినా ఆవిడ చెప్పరు, నువ్వు చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఉంటావు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, ఆవిడ తిరిగి వెళ్తున్నారు, ఆవిడ చేతికే ఇస్తున్నాను. నీ పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో ఆవిడకి చెప్పు. అకామా కాగితం ఏదైనా తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టకు. ఇక్కడ నేనూ మీ అన్నయ్యా ఎవరి కాళ్ళు పట్టుకోవాలో కనుక్కుంటున్నాం. బండి నడిచినా నడవకపోయినా మాఘమాసంలో వచ్చెయ్యి. నీ రాక దాని మీద ఆధారపడి లేదు. ఆ మాట నేను ముందే రాసి ఉండవలసింది.

జవాబు రాసేటప్పుడు మొదట్లో 'నేను క్షేమం' అని రాయకు. ఆ చోటు ఖాళీగా వదిలేసినా నాకు అర్థమవుతుంది. వచ్చాక నీకొక రొట్టె నా చేత్తో కాల్చి పెడతాను. బాగా లేకపోతే బాగా లేదని నా మొహం మీదే అను. నేను నొచ్చుకోను.

ఇట్లు,
నిన్ను కళ్ళతో చూసేదాకా ఎవరి మాటా నమ్మని,
పాప నాన్న,
ఏడుకొండలు.