వీణ తీగలు వెనక్కి పంపకు

కౌసల్యా,
నిన్ను లేపబుద్ధి కాలేదు, ఆఫీసుకి వెళ్తున్నాను. ఇవాళ పోస్టాఫీసుకి వెళ్లి నీ వీణ తీగల పార్సిల్ తెచ్చుకో. ఇవాళే ఆఖరు, రేపు హైదరాబాద్‌కి తిప్పి పంపేస్తారు. పోస్ట్‌మాన్ ఇచ్చిన కాగితం, నీ పాస్‌పోర్టు, మాస్కు మర్చిపోకు. పన్నెండు యూరోలు కవర్లో పెట్టాను.

పోస్టువాళ్లు ఈ పన్నెండు అడగడం నేననుకున్నట్టు మోసమేం కాదు. షాపువాడు తీగల ధర, పంపే ఖర్చు మాత్రమే తీసుకున్నాడు, ఇక్కడి పన్ను అందులో లేదు. కిందటేడు ఇంత చిన్న పార్సిళ్లకి పన్ను ఉండేది కాదు, ఈ జూలై నుంచి అన్నిటికీ వేస్తున్నారట. మన బదులు ముందే కట్టినందుకు పోస్టువాళ్లు ఇంకో ఆరు కలిపారు. మా ఆఫీసులో లిండా చెప్పింది.

పోస్ట్‌మాన్ డబ్బడిగిన రోజు, షాపువాడి చేతిలో మోసపోయావని గుమ్మంలోనే నిన్ను కసురుకున్నాను. తప్పు నాదే. "ఈ వయసులో నాకు వీణెందుకులెండి, పంపేయండి" అన్నావు. వారం నుంచి ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. లాక్‌డౌన్‌లో నువ్వు రోజూ వాయించబట్టే నాకు పిచ్చెక్కలేదు. ఎప్పుడూ చెప్పలేదు నీకు.

శశి

ఇంకో మాట. సాయంత్రం నేనొచ్చేసరికి వాయిస్తూ ఉంటే లేచి తలుపు తియ్యకు. మెట్ల మీద కూర్చుని కాసేపు విని వస్తాను.