అమ్మ పిడికిలి అచ్చు

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు.

అమ్మ వణికే చేతికోసం నేను చేసిన గ్లాసు పిడి విరిగిందని రాశావు. కొత్తది పోత పోద్దామని ల్యాబుకెళ్తే, ఆమె పిడికిలి పట్టించి తీసిన అచ్చు అక్కడ లేదు. మేమేం కనిపెట్టినా హక్కులు యూనివర్సిటీవే. అక్కడి లైసెన్సుల ఆఫీసు ఈ గ్లాసు హక్కుల్ని ఒక కంపెనీకిచ్చింది, అచ్చు కూడా వాళ్లే పట్టుకెళ్లారు. చేతులు వణికేవాళ్లందరికీ అందుతుందని అప్పుడు సంబరపడ్డాను. తీరా చూస్తే, తమ పాత గ్లాసుకి పోటీ అని మనదాన్ని అటకెక్కించారు.

"ఒక్కటే, మా అమ్మకి చేసుకుంటానండీ" అని ఆఫీసరుని అడిగాను.

"ఒక్కటైనా కంపెనీ ఒప్పుకోవాలి మాస్టారూ. నా చేతుల్లో లేదు" అన్నాడాయన.

కంపెనీకి రాశాను. కుదరదని ఒక్క ముక్కలో తేల్చేశారు.

విరిగిన పిడి పారెయ్యకు, గుడ్డ చుట్టి గట్టిగా కట్టు. వేడినీళ్లు తగలనివ్వకు. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకి నా ముద్దులు.

కొత్త గ్లాసేదని అమ్మ అడిగితే, వాడికి తీరిక లేదట అను. తిడితే తిట్టనీ. తన పిడికిలి ఎవరి గోడౌనులోనో పడుందని మాత్రం చెప్పకు.

నీ తమ్ముడు