సొంత కూతురి కార్డు

నేపర్‌విల్,
ఏప్రిల్ 6, ఆదివారం.

చిరంజీవి అవనికి,

మీ నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ అమ్మా, పెరట్లో నువ్వు నాటి వెళ్లిన పుదీనా అందరం క్షేమం. మంచుకి చచ్చిందనుకున్న పుదీనా మొన్న మళ్లీ తలెత్తింది. నువ్వూ కొలంబస్‌లో వేళకి తింటూ, వేళకి నిద్రపోతూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. వేళకి నిద్ర సంగతి అబద్ధమని నాకు తెలుసు కానీ, ఉత్తరంలో అలాగే రాయాలి కదా.

చేతిరాత చూసి కంగారు పడకు. మీ అమ్మకి ఏమీ కాలేదు. నువ్వు కాలేజీకి వెళ్లిన రోజు, నెలకో ఉత్తరం తెలుగులో రాయాలి, ఒకటి చదవాలి అని తను రూలు పెట్టింది కదా. ఈ రెండేళ్లూ తనే రాసింది, నేను అడుగున సంతకం పెట్టి స్టాంపు అంటించాను. ఈసారి నన్ను రాయమంది. రాయమంది అనడం మర్యాద కోసం. కాగితాలూ పెన్నూ నా ముందు పడేసి, తలుపు దగ్గరికి వేసి వెళ్లింది. తెలియని మాట వస్తే వదిలెయ్యకుండా రెండోసారి చదువు, తెలుస్తుంది.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. ఆవకాయ సీసా మూత రాకపోతే కాసేపు వేడినీళ్లలో తలకిందులుగా పెట్టు, వస్తుంది. స్క్రూడ్రైవర్ వాడకు, పోయినసారి జరిగింది చాలు. బెంటన్‌విల్‌లో లోకేష్ అంకుల్‌కి మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది. వాకర్ పట్టుకునే గ్రౌండ్‌కి వెళ్లి పిల్లల ఆట చూసి వస్తున్నాడట, వాళ్లావిడ వాకర్ దాచేసింది. ఇక నీ మూడో ప్రశ్న. "నాన్నా, లిస్ట్ వచ్చిందా? బ్రెండన్ నా గురించి ఏమైనా అన్నాడా?" దానికి జవాబుంది. కొంచెం ఓపిక పట్టు, అక్కడికే వస్తున్నాను.

మార్చి రెండో వారంలో నేను అయోవా వెళ్లాను. సీడర్ రాపిడ్స్‌లో మెకెంజీ అని ఒక అమ్మాయి ఉంది, పందొమ్మిదేళ్లు, ఆరడుగులు, వాలీబాల్ ఆడుతుంది. ఎవరో చెబితే చూడటానికి మూడున్నర గంటలు డ్రైవ్ చేశాను. మ్యాచ్ అయ్యాక వాళ్ల నాన్నని కలిసి మన ఆట గురించి చెప్పాను. ఆస్ట్రేలియాలో ఆడతారు, బాస్కెట్‌బాల్‌లో లాగా ఎగరాలి, సాకర్‌లో లాగా తన్నాలి, బంతి మాత్రం కోడిగుడ్డులా ఉంటుంది, అది నేలమీద పడితే ఎటు వెళ్తుందో దానికే తెలియదు అన్నాను. ఆయన నవ్వాడు. నేను పెళ్లికి ముందు మూడేళ్లు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేశానని, అక్కడ ఈ పిచ్చి పట్టిందని, ఇప్పటికీ వదల్లేదని కూడా చెప్పాను.

బ్రెండన్ గురించీ చెప్పాను. మెల్‌బోర్న్‌లో ఒక క్లబ్బు ఆడవాళ్ల జట్టుకి కొత్తవాళ్లని వెతికే మనిషి, అమెరికాకి ఏడాదికి రెండుసార్లే వస్తాడు. మిగతా రోజుల్లో నాలాంటివాళ్లు ఏడెనిమిది మంది తలో రాష్ట్రంలో, ఏ ఆట ఆడే పిల్లల్నైనా చూసి, ఒక్కొక్కరికీ ఒక కార్డు నింపి పంపుతాం. వాటిలోంచి ఆరుగురిని జూలైలో మెల్‌బోర్న్ తీసుకెళ్లి పరీక్షిస్తారు. అక్కడ నచ్చితే డ్రాఫ్ట్ రోజున, అంటే క్లబ్బులన్నీ వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునే రోజున, పేరు పిలుస్తారు.

అంతే, వాళ్ల నాన్న అందుకున్నాడు. "మా మెకెంజీ లాంటి కష్టజీవిని మీరు ఈ రాష్ట్రంలో చూడలేరు. ఏం నేర్పినా వారంలో పట్టేస్తుంది. ఓడిపోతే ఏడవదు, మర్నాడు అందరికంటే ముందు జిమ్‌లో ఉంటుంది" అంటూ నలభై నిమిషాలు. ఆ అమ్మాయి పక్కనే నిలబడి నవ్వుతూ వింటోంది. నాకు ఒంటి మీద చీమలు పాకినట్టనిపించింది. కన్నతండ్రి నోటితో ఇన్ని మాటలా, కొంచెమైనా మొహమాటం ఉండదా అనుకున్నాను. తర్వాత పార్కింగ్ లాట్‌లో ఆ అమ్మాయి చేత బంతి తన్నిస్తే మొదటిది లైటు స్తంభానికి తగిలింది, పదోది తిన్నగా నా చేతుల్లోకి వచ్చింది. నిజంగానే త్వరగా నేర్చుకుంటుంది. కార్డు నిండా మనస్ఫూర్తిగా రాశాను, చోటు చాలక వెనక్కి తిప్పి కూడా రాశాను.

పోయిన వారం శనివారం బ్రెండన్ మన ఇంటికి వచ్చాడు. పులిహోర రెండుసార్లు పెట్టించుకుని, చెయ్యి కడుక్కుని, డైనింగ్ టేబుల్ మీద కార్డులు పరిచాడు. ఆరు పేర్లు చదివాడు. ఆరో పేరు మెకెంజీ.

నీ పేరు లేదమ్మా.

 మీ అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "మరి అవని?" అని అడిగేసింది. బ్రెండన్ ఇబ్బందిగా నా వైపు చూసి, మీ అమ్మతో, "గిరిజా, రాజ్ పంపిన కార్డు చూసి పక్కన పెట్టాను. నేను ఆమె ఆట ఒక్కసారే చూశాను, అదీ మడమ నొప్పితో ఆడిన రోజు. తండ్రే అలా రాశాక నేనేం అనగలను?" అన్నాడు. అని, బ్యాగులోంచి నీ కార్డు తీసి మీ అమ్మకిచ్చాడు.

ఇన్నాళ్లూ దాచింది ఇదే అవనీ. నీ కార్డు నింపింది నేను. ఏం రాశానో దాచకుండా చెప్తాను. తన్నడం: ఫర్వాలేదు. పట్టడం: ఇంకా నేర్చుకోవాలి. పరుగు: చివర్లో నెమ్మదిస్తుంది. ఓడిపోతున్నప్పుడు: మామూలుగానే ఉంటుంది. మొత్తం మీద అభిప్రాయం: చదువు మీద దృష్టి పెడితే మంచిది.

మీ అమ్మ అది పైకి చదివింది. చివరి లైను రెండోసారి చదివింది. తర్వాత నా వైపు తిరిగి, "ఏందండీ ఇది? పగవాడు కూడా ఇట్లా రాయడు. ఎవరో పిల్లకి కాగితం వెనక కూడా రాస్తిరే, మన పిల్లకి ఒక్క మంచి మాట దొరకలా మీకు?" అంది. బ్రెండన్‌కి తెలుగు రాదు కానీ మొత్తం అర్థమైనట్టే ఉంది, చూపు కార్డుల మీద నుంచి తియ్యలేదు.

"రాజ్, నువ్వు రాసింది నిజమేనా?" అని అడిగాడు. కాదన్నాను. మరెందుకు రాశావన్నాడు. మాలో సొంత పిల్లల్ని పదిమంది ముందు మెచ్చుకోరు, దిష్టి తగులుతుందంటారు, పైగా మర్యాద కాదు అని చెప్పాను. కాకి పిల్ల కాకికి ముద్దు అనుకుంటారేమో, కూతుర్ని దొడ్డిదారిన తోస్తున్నాడంటారేమో అని కూడా భయపడ్డానన్నాను. ఆయన, "అయితే నువ్వు బాగాలేదని రాస్తే బాగుందని నేనెలా తెలుసుకోవాలి?" అన్నాడు.

 దానికి జవాబు ఈ వారమంతా ఆలోచిస్తే ఇప్పటికి దొరికింది. మనలో తండ్రి తగ్గించి మాట్లాడితే, ఎదుటివాళ్లు ఊరుకోరు. "అదేంటండీ, మీ అమ్మాయి బంగారం" అని వాళ్లే పైకెత్తుతారు. అలా రెండు మాటలూ కలిస్తేనే పూర్తవుతుంది. నేను నా వంతు మాట రాసి పంపాను, ఆ రెండో మాట అనడం బ్రెండన్‌కి తెలియదు. ఆయన మెల్‌బోర్న్ మనిషి, రాసింది రాసినట్టే నమ్మాడు. తప్పు ఆయనది కాదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఎదుటివాళ్లు ఆ రెండో మాట అన్నప్పుడు కూడా నేను ఒప్పుకోలేదు. నీకు పన్నెండేళ్లప్పుడు తెలుగు అసోసియేషన్ పిక్నిక్ గుర్తుందా? నువ్వు ఎడమ కాలితో తన్నిన బంతి పార్కు ఫెన్సు దాటింది. వినీత్ అంకుల్ పరుగెత్తుకొచ్చి, "రాజ్ గారూ, అమ్మాయి లెఫ్ట్ లెగ్‌తో ఎంత దూరం కొట్టిందండీ బాబూ!" అన్నాడు. నేను, "ఆ, ఏదో గాలి కలిసొచ్చింది లెండి" అన్నాను. నువ్వు నిమ్మరసం గ్లాసుతో నా పక్కనే ఉన్నావు. తలెత్తి చెట్ల వైపు చూశావు, గాలి ఉందా అని. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. నువ్వు చూడటం నేను చూశాను. చూసి కూడా నా టీ నేను తాగాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మీ తాతయ్య కోటయ్య గారు నన్ను ఎదురుగా ఒక్కసారి మెచ్చుకోలేదు. ఆయన పోయాక ఆయన స్నేహితులు చెబితే తెలిసింది, మావాడు మావాడు అని ఊరంతా చెప్పుకునేవారట. అది విని అందరూ నన్ను అదృష్టవంతుడన్నారు. నాకు మాత్రం కోపమొచ్చింది. ఊరందరికీ చెప్పిన మాట నాకొక్కడికే ఎందుకు చెప్పలేదు? అంత కోపం తెచ్చుకున్నవాణ్ణి, నేనూ అదే పని చేశాను. ఆయనైనా ఊళ్లో చెప్పారు, నేను ఎక్కడా చెప్పలేదు.

ఇదంతా నీకు ఫోన్‌లో చెబుదామని ఈ వారం మూడుసార్లు కాల్ చేశాను. మూడుసార్లూ కార్‌లో ఆయిల్ మార్పించావా అని అడిగి పెట్టేశాను. నువ్వు కూడా ఏంటి ఈయనకి ఆయిల్ పిచ్చి అనుకుని ఉంటావు.

ఇప్పుడు జరగాల్సిన సంగతి విను. బ్రెండన్ మొహమాటం లేకుండా చెప్పాడు. "నువ్వు మొదట రాసిందీ నమ్మను, ఇప్పుడు పొగిడినా నమ్మను. తండ్రి కార్డు చెల్లదు. నేనే వెళ్లి చూస్తాను" అన్నాడు. ఫ్లైట్ మార్చుకున్నాడు. పందొమ్మిదో తారీకు శనివారం కొలంబస్‌లో నీ మ్యాచ్‌కి వస్తున్నాడు. అందాకా ఆరో పేరు ఖాయం చెయ్యనన్నాడు. నీకు చెప్పొచ్చా అని అడిగితే, చెప్పమన్నాడు. చూస్తున్నారని తెలిసి కూడా ఎలా ఆడుతుందో చూడాలట. ఇకమీదట నీ మ్యాచ్‌లకి వచ్చి కార్డు రాసేది, నాలాగే ఈ పని చేసే లోకేష్ అంకుల్, వాళ్లావిడ వాకర్ తిరిగి ఇస్తే.

మెకెంజీ గురించి నేను రాసిన దాంట్లో ఒక్క అక్షరం మార్చలేదు. అంతా నిజం, ఆ పిల్లకి నా వల్ల అన్యాయం జరగకూడదు. ఆరో చోటు ఆమెకే దక్కొచ్చు. దక్కితే నువ్వు బాధపడతావు, నేను ఇంకా ఎక్కువ బాధపడతాను, ఎందుకంటే నా కార్డు సరిగ్గా ఉంటే నువ్వు మొదటి ముగ్గురిలో ఉండేదానివని నా నమ్మకం. నువ్వు కోప్పడితే కోప్పడు. రెండు రోజులు నా కాల్ ఎత్తకపోయినా నేనేమీ అనుకోను. కానీ ఆ కోపం గ్రౌండ్‌లోకి తీసుకెళ్లకు, బూట్లు విప్పిన తర్వాత నా మీద చూపించు.

అసలు మాట ఇంకా రాయలేదు. మీ అమ్మ తలుపు తీసి ఒకసారి చూసి వెళ్లింది. ఇక రాస్తాను.

పోయిన అక్టోబరులో ఇండియానాపొలిస్‌లో వానలో ఆడారు చూడు, ఆ మ్యాచ్. ఇంకా నాలుగు నిమిషాలుంది, మీరు యాభై పాయింట్లు వెనక. అవతలి జట్టు పొడుగుపిల్ల బంతి పట్టుకుని ఒంటరిగా గోల్ వైపు పరుగెడుతోంది. నీ జట్టువాళ్లంతా ఆగిపోయారు, ఎవరైనా ఆగిపోతారు. నువ్వొక్కదానివి మైదానం మధ్య నుంచి బురదలో పరుగెత్తుకొచ్చి, గోల్ ముందు ఆమెని పట్టి, బంతి లాగేసి, ఎడమ కాలితో అవతలికి తన్నావు. దానివల్ల మ్యాచ్ మారదు, నీకూ తెలుసు. అయినా పరుగెత్తావు. పాతికేళ్లుగా ఈ ఆట చూస్తున్నాను, మెల్‌బోర్న్‌లో పెద్ద పెద్ద మ్యాచ్‌లు చూశాను. అంత గుండె ఉన్న పరుగు నేను చూడలేదు. నువ్వు చాలా గొప్పగా ఆడతావమ్మా. నా కూతురివని అనడం లేదు. నా కూతురివి కాకపోతే ఈ మాట ఎప్పుడో రాసి ఉండేవాణ్ణి.

ఆ రోజు నేను గోల్ వెనకే ఉన్నాను, అంపైర్ తెల్లకోటు వేసుకుని, గోల్ పడితే ఊపడానికి రెండు చేతుల్లో రెండు జెండాలతో. అంపైర్ ఎవరికీ చప్పట్లు కొట్టకూడదు. కొట్టక్కర్లేకుండా పోయినందుకు హాయిగా అనిపించింది కూడా. పందొమ్మిదిన అంపైర్‌గా వేరే మనిషిని పెట్టుకోమని మీ క్లబ్‌కి చెప్పేశాను. నేనూ మీ అమ్మా ముందురోజు శుక్రవారమే బయల్దేరి వస్తున్నాం. మైదానం గీత పక్కనే నిలబడతాను. ఈసారి నా రెండు చేతులూ ఖాళీగానే ఉంటాయి.

ఇట్లు,
చెప్పాల్సింది ఇరవై ఏళ్లు ఆలస్యంగా చెప్పిన
మీ నాన్న.