గొడుగు పుల్ల ధర

అత్తయ్యకి నమస్కారాలు.

ఫోను చేస్తే నా మాట నీకు వినపడదు, నీ కేకకి నా చెవి ఆగదు. అందుకే ఈ ఉత్తరం.

నేను చేరిన కంపెనీ, జనం దాచుకున్న డబ్బు ఏ వ్యాపారంలో పెడితే నిలుస్తుందో తేలుస్తుంది. దానికోసం ప్రభుత్వ గణాంకాల ఆఫీసు వేసే ధరల పట్టికలు వెతికి, చదివి, అర్థం చెప్పడం నా పని. ఇంకా పర్మనెంటు కాలేదు. ఇప్పుడు రాస్తున్న రిపోర్టు బాగుంటేనే ఉంచుకుంటారు.

మరమ్మతు కొట్ల అంకెలు చూస్తుంటే ఒక వింత కనపడింది. దేశమంతా చెప్పులు కుట్టినా, గడియారం బాగుచేసినా కూలి పెరుగుతూనే ఉంది. మీ ఊళ్లో గొడుగు పుల్ల మార్చే ధర మాత్రం మూడేళ్లుగా కదల్లేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈ పట్టికల్లో ముందు తాత్కాలికంగా ఒక అంకె వేసి, తర్వాత సవరిస్తారు. సవరించాక కూడా ఇది అలాగే ఉంది. మామయ్య పోయాక ఆ పని ఎవరో కొత్తవాడు అందుకున్నట్టున్నాడు. అంత చవగ్గా ఎలా నెగ్గుకొస్తున్నాడో కనుక్కుని రాయి.

నీ మేనల్లుడు

తా.క. ఆ ధర సరిగ్గా మామయ్య తీసుకున్నదే. ఆయన దగ్గర నేర్చుకున్నవాడా?

*

అబ్బాయికి అత్తయ్య ఆశీస్సులు.

అంత చదువూ చదివి గొడుగు పుల్లల దాకా వచ్చావంటే సంతోషం. మీ మామయ్య ఉంటే నీకు ఒక గొడుగు విప్పి చూపించి, ఇదిరా అసలు పట్టిక అనేవారు.

కొత్తవాడెవరూ రాలేదు. ఉన్నాయన మంచివాడు. వానలో తడిసి వచ్చినవాడి దగ్గర బేరమేమిటి అనే రకం. ధర పెంచమని నేనే పోరి పోరి ఊరుకున్నాను.

అంకె ముందు తాత్కాలికంగా చెప్పి తర్వాత సవరిస్తారని రాశావు. ఆస్పత్రిలో నాకు చెప్పిన మాటకి కూడా ఆ ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేది.

వేళకి తిను.

మీ అత్తయ్య

తా.క. ధరలు రాసుకెళ్లే అమ్మాయి నెలకోసారి వస్తుంది. అరిగిన చెప్పులతో తిరుగుతుంది పాపం. చెప్పుల ధర రాసుకోవడమే గానీ కొనుక్కోదు.

*

అత్తయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం మా సారుకి చదివి వినిపించాను. ఆస్పత్రి ముక్క వదిలేశాను. ధర పెంచకుండా ఇన్నాళ్లు నిలబడ్డాడంటే అతని పనితనంలో ఏదో కిటుకు ఉందని నా వ్యాఖ్యానం. సారు నా భుజం తట్టారు. ఈ ఆఫీసులో ఇంతవరకూ నా భుజం ఎవరికీ కనపడలేదు.

ఆ మనిషి గురించి వివరాలు కావాలి. వయసెంత, అప్పులున్నాయా, అద్దె ఎంత, పనివాళ్లెందరు, ఆరోగ్యం ఎలా ఉంటుంది? అన్నీ రాయి.

నీ మేనల్లుడు

తా.క. ఇంకో ఊళ్లో పెద్ద కొట్టు పెట్టిస్తే కదులుతాడా?

*

అబ్బాయికి ఆశీస్సులు.

పెళ్లిచూపులప్పుడు కూడా మా నాన్న ఇన్ని ప్రశ్నలు అడగలేదు. సరే, రాస్తున్నాను.

ఆయనకి అప్పులు లేవు, ఎవరికీ ఏమీ బాకీ లేరు. అద్దె కట్టక్కర్లేదు. చోటు చిన్నదే గానీ ఖాళీ చెయ్యమనేవాళ్లు ఉండరు. పనివాళ్లు లేరు, ఒక్కరే. మోకాళ్ల నొప్పి ఉండేది, ఇప్పుడు ఏ నొప్పీ లేదు. వయసు అంటావా, ఆ ధరలాగే అదీ మూడేళ్లుగా పెరగలేదు.

ఇక అడక్కు నాయనా.

మీ అత్తయ్య

తా.క. కదలరు. నేను పిలిస్తేనే పలకని మనిషి, మీ సారు పిలిస్తే వస్తారా?

*

అత్తయ్యకి నమస్కారాలు.

వయసు గురించి నీ చమత్కారానికి సారు పడీపడీ నవ్వారు. తక్కువ మాట్లాడేవాడు బేరం తెలిసినవాడట. ఆ కొట్టు పద్ధతిలోనే ఊరూరా కొట్లు తెరిచే వ్యాపారంలో జనం డబ్బు పెట్టాలని దాదాపు తేల్చేశారు. ఆధారం ఏమిటని పైవాళ్లు అడిగితే, రిపోర్టులో "స్థానిక విచారణ" అని రాశాను. అంటే నువ్వే.

వచ్చే సోమవారం సారుని వెంటబెట్టుకుని వస్తున్నాను. ఆ గొడుగులాయన్ని చూపించు చాలు. నా ఉద్యోగం ఖాయమైనట్టే.

నీ మేనల్లుడు

తా.క. సారు వాళ్ల నాన్నగారి గొడుగు తెస్తున్నారు. పుల్ల విరిగి ఏళ్లయింది. ఆ చేతులతోనే బాగుచేయించుకుంటారట.

*

అబ్బాయికి ఆశీస్సులు.

ఈ ఉత్తరం అందగానే మీ సారుని ఆపు. డబ్బు ఎక్కడా పెట్టొద్దని చెప్పు. మీరు వెతుకుతున్న మనిషి మీ మామయ్యే.

ఆయన ఉన్న రోజుల్లోనే గణాంకాల ఆఫీసువాళ్లు ధరలు రాసుకోవడానికి మన కొట్టు ఎంచుకున్నారు. ఊళ్లో ఆ పని చేసేది ఈయనొక్కరే కదా. కర్మకాండ అయిన కొద్ది రోజులకి ఆ అమ్మాయి వచ్చింది. కొత్తగా చేరిందట, ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. "గొడుగు పుల్ల మార్చడానికి ఎంత తీసుకుంటున్నారండీ మీవారు?" అని అడిగింది. పోయారని చెప్పబోతే ఆ మాట నోటికి రాలేదు. ధర వచ్చింది. రాసుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచీ తను వచ్చే రోజు కొట్టు తలుపు తీసి, ఊడ్చి, ఒక గొడుగు విప్పి తగిలించేదాన్ని. ఆయన ఏరి అంటే బయటికెళ్లారనేదాన్ని. ఊరంతా ఆయన్ని మర్చిపోయింది. ఇంకా పనిలో ఉన్నారనుకునేది ఆ ఆఫీసు ఒక్కటే. నెలకొక్కసారైనా ఆయన గురించి ఒకరు అడుగుతుంటే నాకు బాగుండేది. ఆ ఒక్క ముక్క పట్టుకుని మీరు ఊరూరా కొట్లు పెడతారని నాకేం తెలుసు?

మొన్న అమ్మాయి వస్తే చెప్పేశాను. మంచినీళ్లు అడిగి తాగింది. ఇక ఈ ఇంటికి పంపరేమోనండీ అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, తగిలించిన గొడుగు తనే ముడిచి నా చేతికిచ్చింది. ఆ వేళ నేను ఏడ్చాను. ఆయన పోయిననాడు కూడా అంత ఏడవలేదు.

నీ ఉద్యోగం పోతే ఇక్కడికి వచ్చెయ్యి. తిండికి లోటుండదు.

మీ అత్తయ్య

తా.క. కొత్త పట్టిక వచ్చాక మన ఊరి గడిలో ఏం వేశారో చూసి రాయి. ఖాళీగా వదిలినా ఫరవాలేదు. సున్నా మాత్రం వెయ్యొద్దని చెప్పు. ఊరికే చేసిపెడుతున్నారనుకుని జనం గొడుగులు పట్టుకుని వస్తే, ఆయన లేరని అందరికీ నేనే చెప్పాలి.