మెల్లగా వెళ్ళమని చెప్పండి

పెద్దమ్మ కుల్పాష్ అపాకి,

ఈ ఏడాది మా కంపెనీ సాధించినవన్నీ కలిపి నివేదిక నేనే రాశాను. షెడ్డులో మొదలైన వాళ్ళం మూడంతస్తుల మేడలోకి వచ్చాం. పొరుగు దేశం, మన నేల కిందుగా వెళ్ళే తన పైపులైన్ల పని మాకిచ్చింది. గ్యాసు తోస్తుంటే పైపు లోపల ప్రయాణిస్తూ పగుళ్ళను కనిపెట్టే యంత్రాన్ని తయారుచేశాం. ఒక్క సంగతి మాత్రం అందులో రాయలేదు.

వసంతంలో ఆ యంత్రాన్ని తొలిసారి పంపేముందు, నడక నేర్చే పిల్లల కాళ్ళకు కట్టినట్టే దానికీ నలుపు తెలుపు తాడు కట్టి, అమ్మకాలు చూసే ఆసిల్‌బెక్ చేత కోయించారు. అది దూసుకుపోయి, సగం పగుళ్ళు చూడకుండానే బయటపడింది.

"తాడు కోసినవాళ్ళ నడకే వస్తుందని పెద్దలు ఊరికే అన్నారా! నీ నడకే వచ్చిందయ్యా దానికి! బస్సు వెళ్ళిపోతున్నట్టు ఆ పరుగేంటి?" అని అందరూ అతన్ని ఏడిపించారు.

నిన్న మళ్ళీ పంపాం. ఈసారీ తప్పితే పొరుగు దేశం వాళ్ళు ఒప్పందం రద్దు చేసుకుంటారు. డైరెక్టర్ గారు నన్ను చూపించి, "ఈ పిల్ల కోయాలి. క్యాంటీన్‌కి వెళ్ళాలన్నా ఆలోచించి అడుగేస్తుంది" అన్నారు. నేనే కోశాను. నా తాడు కోసింది మీరే కదా. మీ నెమ్మది నాకు అంటించారని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

కళ్ళు మూసుకుంటే, స్తెప్పీ మైదానం గడ్డి కింద చీకట్లో అది గోడలు తడుముకుంటూ నడుస్తున్నట్టే ఉంటుంది. రేపు పొద్దున మీ మేత నేల కిందుగా వెళ్తుంది. అందుకే ఈ ఉత్తరం మా డ్రైవరు చేత పంపుతున్నాను. గొర్రెలను తోలుకుంటూ అటు వస్తే, ఒక్క క్షణం నిలబడి, మెల్లగా వెళ్ళమని దానికి చెప్పండి. మీరు చెబితే వింటుంది. నేను విన్నాను కదా.

మీ చెల్లెలి కూతురు