పిలిస్తేనే రావాలట

ఆదివారం, మధ్యాహ్నం

అక్కా,

నువ్వు ఫోను చేసినప్పుడల్లా "అంతా బాగుంది" అని చెప్పి పెట్టేస్తున్నానని నీకు కోపంగా ఉందని నాకు తెలుసు. రోజంతా బస్‌స్టేషన్లో మైకు ముందు కూర్చుని "ప్రయాణికులకు మనవి" అంటూ అరిచాక ఇంటికొచ్చేసరికి నాకు గొంతు మిగలదు. మిగిలినా, నీకు చెప్పాల్సిన సంగతి ఎత్తితే మొదటి ముక్కకే ఏడుపొస్తుంది. నువ్వేమో "ముక్కు చీదుకుని మాట్లాడు" అంటావు. అందుకని రాస్తున్నాను. ఇక్కడ ఎన్నిసార్లు చీదినా నీకు వినపడదు.

నువ్వు బదిలీ మీద వెళ్తూ నీ గైడ్స్ దళాన్ని నా చేతిలో పెట్టి ఆరేళ్లయింది. విజిలూ, గది తాళంచెవీ ఇచ్చి ఒక మాటన్నావు: "చిన్నపిల్లల్ని ఎవరైనా పోగేస్తారు. పద్నాలుగు దాటినవాళ్లని నిలబెట్టుకో, అప్పుడు నిన్ను కెప్టెనంటాను." పోగెయ్యడం బాగానే చేశానక్కా. చిన్నవాళ్లు ఇరవై ఆరుమంది. శనివారం వస్తే బడి వెనక గదిలో కాలు పెట్టే చోటుండదు. పెద్దవాళ్ల సంగతే చెప్పుకోలేకుండా ఉన్నాను. నా కూతురు, అదే నీ పిడుగు, మొదటిసారి స్కార్ఫు కట్టుకున్న ఏడాది దాని ఈడు పిల్లలు పదకొండుమంది ఉండేవాళ్లు. పన్నెండేళ్లకి తొమ్మిదిమంది మిగిలారు. పద్నాలుగుకి ఐదుగురు. ఇప్పుడు దానికి పదిహేను, ఎంతమంది ఉన్నారో చెప్పనా? ఒక్కరూ లేరు. నీ పిడుగు కూడా లేదు.

అడిగినవాళ్లకి ట్యూషన్లని చెప్తున్నాను. పరీక్షలని చెప్తున్నాను. ఆ వయసులో అద్దం ముందు నుంచి లేవరండీ అని నవ్వేస్తున్నాను. నీ దగ్గర దాచడం నావల్ల కాదు. తప్పు నాది.

మూడు వారాల కిందట చిన్నవాళ్లని మొదటి క్యాంపుకి తయారుచేస్తున్నాం. బేకరీ ఆయన కూతురు, పదేళ్లది, "అమ్మ లేకుండా నేను రాను" అని రాగం తీసింది. ఎంత బుజ్జగించినా ఊరుకోదు. అప్పుడు నా నోరు జారింది. "ఏడవకమ్మా, మా పిడుగుని చూడు! మొదటి క్యాంపులో అమ్మ కావాలని ఏడ్చి ఏడ్చి తెల్లారేసరికి పక్క తడిపేసింది. ఇప్పుడు చూడు, నాకంటే పొడుగైంది" అన్నాను. మామూలుగా అన్నా బాగుండును. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, గది చివరిదాకా ప్లాట్‌ఫాం నంబరు చెప్పినట్టు చెప్పాను. ఆ పిల్ల ఏడుపు మాని కిసుక్కుమంది. మిగతావాళ్లందరూ వెనక్కి తిరిగి పిడుగు వంక చూశారు.

అది స్కార్ఫు ముడి విప్పింది, మడిచింది, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక నేనే వెనకాల పడితే, "అమ్మా, నువ్వున్న చోట నేనుండను" అంది. మరుసటి శనివారం మిగిలిన నలుగురూ రాలేదు. స్నేహితురాలికి జరిగిన అవమానం వాళ్లకీ తగలదా? నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు బస్సులకే మంచిది, పిల్లలకి కాదు.

అందుకే గైడ్స్ జిల్లా కమిషనరమ్మ గారికి రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. నేను తప్పుకుంటే అది తిరిగొస్తుంది, దాని వెనక ఆ నలుగురూ వస్తారు. కానీ ఇది నీ చేతి మీదుగా నాకొచ్చింది. నీతో చెప్పకుండా ఎలా వదులుతాను? సరేనని ఒక్క ముక్క రాయి, మర్నాడే పోస్టులో వేసేస్తాను.

నీ చెల్లెలు

*

రెండు వారాల తర్వాత ఆదివారం, సాయంత్రం

అక్కా,

నేను రెండు పేజీలు ఏడిస్తే నువ్వు మూడు ముక్కలు రాశావు. "రాజీనామా తర్వాత. ముందు పిల్లల్ని అడుగు. అడిగాక నోరు మూసుకుని విను." చదివి ఒళ్లు మండింది. మండినా అలాగే చేశాను, ఎందుకంటే నీ మాట కాదని బాగుపడ్డ సందర్భం నాకొక్కటీ గుర్తు రాలేదు.

నలుగుర్నీ బస్‌స్టేషన్ క్యాంటీనుకి పిలిచి టీ ఇప్పించాను. పిడుగుని పిలిస్తే రానంది.  నువ్వు చెప్పావని నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ కూర్చున్నాను. చివరికి మేము జిరాఫీ అని పిలిచే పొడుగుపిల్ల నోరు విప్పింది.

"అక్కా, ఏమీ అనుకోరు కదా? ఐదేళ్లుగా అదే తాడు, అవే ముడులు. నా జడకంటే ఆ తాడునే ఎక్కువసార్లు అల్లుంటాను."

ఎప్పుడూ కట్టుగుడ్డల డబ్బా మోస్తుందని మేము డాక్టరమ్మ అనే పిల్ల అందుకుంది. "మీరు ఏడాది మొత్తానికీ టైంటేబులు వేసి, రంగులు కూడా వేసి ఇస్తారు. మేం ఏదన్నా అనుకునేలోపే అది గోడ మీదుంటుంది. బళ్లో టైంటేబులు, ట్యూషన్లో టైంటేబులు, ఇక్కడా అదేనా అక్కా?"

"మరేం చేద్దామంటారు?" అన్నాను. నా గొంతు అంత చిన్నగా రావడం నాకే కొత్త.

వాళ్లకి ఒక్క రోజు కావాలట. గుట్ట అవతల ఆనకట్ట దాకా నడక. పటం వాళ్లే గీసుకుంటారు, తిండి వాళ్లే కట్టుకుంటారు, ఎక్కడ ఆగాలో ఎప్పుడు తిరగాలో వాళ్లిష్టం. పెద్దవాళ్లెవరూ ఉండకూడదు. "మీరు కూడా" అంది జిరాఫీ, నేలచూపులు చూస్తూ. ఇంట్లోవాళ్ల సంతకాలుండాలి, గంటకోసారి ఫోను చెయ్యాలి, మందుల డబ్బా ఉండాలి అన్నాను. ఒప్పుకున్నారు. నేను వెంటరానని మాటిచ్చాను. ముందురోజు పిడుగు కూడా సంచీ సర్దుకుంది. "గైడ్స్‌కి కాదు, ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా" అని ముందే చెప్పింది. 

ఇక ఇవాళ పొద్దున నేను చేసిన ఘనకార్యం విను. వాళ్లు బడి గేటు దగ్గర బయలుదేరిన అరగంటకి మీ మరిది టోపీ నెత్తిన పెట్టుకుని, నల్ల కళ్లద్దాలు తగిలించి గుమ్మం దిగాను. "మాటిచ్చావు కదా?" అన్నారు ఆయన. "మాటిచ్చింది కెప్టెను. వెళ్తున్నది తల్లి" అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు.

గేటు పక్కన రాళ్లతో పేర్చిన బాణం గుర్తు కనపడింది. దారి గుర్తులు పెట్టడం వాళ్లకి నేర్పింది నేనే: ముందు వెళ్లేవాళ్లు వెనక వచ్చేవాళ్లకోసం రాళ్లతోనో పుల్లలతోనో బాణం పెడతారు, ఇటు రావద్దంటే అడ్డగీతలు పెడతారు. ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తున్నారు కాబోలు, మంచిపని చేశారని మురిసిపోయాను. బాణం పట్టుకుని వంతెన దాటాను. కలప డిపో చుట్టూ తిరిగాను. నీళ్ల ట్యాంకు దగ్గర మెట్లెక్కమంది, నూట నలభై ఎక్కాను. పైకి చేరాక ఇంకో బాణం అవతలి వైపు దిగమంది. ఆనకట్ట ఇటెందుకు ఉంటుందన్న అనుమానం అప్పుడైనా రావాలా! రాలేదు. పిల్లలు కొత్త దారి కనిపెట్టారనుకుని రొప్పుతూ దిగాను. పార్కులోంచి, చేపల బజారులోంచి, మందుల షాపు సందులోంచి రెండు గంటలు నడిచాక చూద్దును కదా, ఎదురుగా మా వీధి. మా ఇంటి గేటు ముందు సుద్దతో గుండ్రంగా గీసి మధ్యలో చుక్క పెట్టి ఉంది. ఆ గుర్తుకి అర్థం ఇంటికి వెళ్లిపోయామని.

అరుగు మీద ఫ్లాస్కునిండా టీ, దాని కింద చీటీ. "అక్కా, అలిసిపోయుంటారు, కూర్చోండి. మేము అసలు దారిలో ఉన్నాం. ఐదింటికి వస్తాం. దారిలో గుర్తులు నిన్న సాయంత్రమే పెట్టేశాం." చేతిరాత పిడుగుది.

మీ మరిది గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేక చస్తున్నారు. ఆయనకి ముందే తెలుసు, నేను వెళ్లాక గేటు ముందు సున్నా గీసిందీ ఫ్లాస్కు పెట్టిందీ ఆయనే! నాకు ముందు కోపం వచ్చింది. టీ తాగాను. సగం కప్పు అయ్యేసరికి నాకూ నవ్వొచ్చింది. ఎంత పకడ్బందీగా చేశారక్కా! ఒక్క బాణం చెదరలేదు, ఒక్క మలుపు దగ్గరా నేను తడుముకోలేదు. అంత శుభ్రమైన పని ఈ ఐదేళ్లలో నా టైంటేబులు వాళ్లచేత ఒక్కసారీ చేయించలేదు. ఆ తర్వాత అరుగు మీంచి లేవలేదు. గంటకోసారి ఫోను వచ్చింది. "సరేనమ్మా" అని పెట్టేశాను.

ఐదుకి పది నిమిషాలుండగా వచ్చారు. ముఖాలు కందిపోయున్నాయి, జిరాఫీ కాలికి బొబ్బ, దానికి డాక్టరమ్మ కట్టు. పిడుగు నా టోపీ వంక చూసి పెదవి కొరుక్కుంది. నేను చేతులెత్తేశాను. అంతే, ఐదుగురూ అరుగు మీద పడి పడి నవ్వారు.

వచ్చే శనివారం నుంచి వస్తారట, పిడుగుతో సహా. వాళ్లది పెద్ద జట్టు, కార్యక్రమం వాళ్లదే. మా డిపో మెకానిక్కు దగ్గర టైరు మార్చడం నేర్చుకుంటారట. చిన్నవాళ్లకి దారి గుర్తులు వాళ్లే నేర్పుతారట. మరి నేనో అంటే, "మీరు మా కెప్టెన్ అక్కా, ఎక్కడికి పోతారు? కానీ పిలిస్తేనే రావాలి" అంది జిరాఫీ. పిలిస్తేనే రావాలట! కొంచెం చురుక్కుమంది, అబద్ధమెందుకు. కానీ రాజీనామా కాగితం చింపేశాను. ఇప్పుడు నన్ను కెప్టెనంటావా?

నీ చెల్లెలు

*

బుధవారం

పెద్దమ్మా,

అమ్మ నీకు అన్నీ రాసేసుంటుంది. తను రాయనిది ఒకటుంది. తనకి తెలియదు కాబట్టి రాయలేదు.

పక్క తడిపిన కథ అందరిముందూ చెప్పినందుకు నేను మానేశానని అమ్మ అనుకుంటోంది. నాకు కోపం వచ్చిన మాట నిజమే. ఆ రోజంతా వచ్చింది. మర్నాడు జిరాఫీ, "నేను ఏడో తరగతిదాకా తడిపాను, నీదేం గొప్ప?" అంటే ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడితో అయిపోయింది. కానీ పెద్దమ్మా, అంతకు రెండు నెలల ముందే మేం ఐదుగురం మానేద్దామని అనుకున్నాం. విసుగొచ్చేసింది. అమ్మకి ఎవరు చెప్పాలన్నదే తేలలేదు. తను టైంటేబులుకి రంగులేసుకుంటూ కూనిరాగం తీస్తుంటే ఎలా చెప్పను? నేను చెప్తానని వాళ్లకి మాటిచ్చి రోజూ వాయిదా వేశాను. ఇంతలో అమ్మ నోరు జారింది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టైంది నాకు. స్కార్ఫు మడిచి పెట్టి వచ్చేశాను. "నువ్వున్న చోట నేనుండను" అని సినిమాలోలా ఒక మాట కూడా అన్నాను. విసుగొచ్చిందని చెప్పడం కంటే అది తేలిక.

తర్వాత మూడు వారాలు అమ్మ ఇంట్లో పిల్లిలా తిరిగింది. బస్‌స్టేషన్లో మైకులో మెల్లగా చెప్తోందని, ఏమీ వినపడటం లేదని ఎవరో ఫిర్యాదు కూడా ఇచ్చారట. మా అమ్మ మాట వినపడలేదని! నాకు అన్నీ కనపడుతూనే ఉన్నాయి, అయినా నోరు విప్పలేదు. జిగురు కోసం సొరుగు తీస్తే రాజీనామా కాగితం దొరికింది. "నా ప్రవర్తన వల్ల పిల్లలు దూరమైనందున" అని రాసుంది.  అప్పుడే జిరాఫీ వాళ్ల దగ్గరికి పరిగెత్తాను, అమ్మ అడిగితే ఈసారి నిజం చెప్పండని బతిమాలాను. రాళ్ల బాణాల ఆలోచన నాదే. వద్దంటే అమ్మ ఆగదు, దారి మళ్లించాల్సిందే.

జట్టు బాగుంది. మొన్న శనివారం బస్సు టైరు విప్పాం, బిగించడానికి మెకానిక్కు బాబాయి మళ్లీ చెయ్యి వెయ్యాల్సొచ్చింది. అమ్మ మళ్లీ అరుస్తోంది, హాయిగా ఉంది. కానీ నన్ను చూసినప్పుడల్లా తప్పు చేసినదానిలా కాస్త తగ్గుతోంది. అది చూడలేకపోతున్నాను. నిజం చెప్దామని రోజూ ఎదురుగా కూర్చుంటాను. హోంవర్కు సంగతేదో చెప్పి లేచొచ్చేస్తాను.

అందుకే ఒక ఉపాయం చేశాను. ఈ ఉత్తరం అంటించకుండా, మొదటి పేజీ పైకి కనపడేలా బల్ల మీద పెట్టి బడికి వెళ్తున్నాను. "అమ్మా, పోస్టులో వెయ్యి" అని చెప్తాను. అమ్మ సంగతి నీకు తెలుసుగా, కరెంటు బిల్లైనా రెండుసార్లు చదువుతుంది. సాయంత్రం నేనొచ్చేసరికి తనకి అంతా తెలిసిపోయుంటుంది. తిడితే పడతాను.

నీ పిడుగు

*

(కవరు వెనక)

అక్కా, పిడుగు నీకు రాసిన ఉత్తరం బల్ల మీద తెరిచే పడుంది. చదవలేదు, ఒట్టు. "పెద్దమ్మా" అన్న ఒక్క మాట కళ్లబడింది, అంతే. మీ మరిది "నువ్వు చదవకుండా ఉండటమే!" అని ఎగతాళి చేశారు. మూడుసార్లు వంటింట్లోకి పోయి వచ్చాను, చేతులు ఒకటే దురద. చివరికి కళ్లు పక్కకి తిప్పుకుని మడిచి, జిగురు రాసి అంటించేశాను. నాతో చెప్పాల్సిందేదైనా ఉంటే, చెప్పాలనిపించిన రోజున అదే చెప్తుంది. అప్పటిదాకా అడగను.

నీ చెల్లెలు