సవినయంగా, ఒక నిచ్చెన గురించి

మార్చి 4, మంగళవారం

బాబాయి కనిపెట్టిన నిచ్చెన పాదం మీద పేటెంట్ ఆఫీసు నుంచి మొదటి రిపోర్టు వచ్చింది. అభ్యంతరం ఒక్కటే. ఇలాంటి పాదమే పాత పేటెంట్ ఒకదానిలో ఉందట.

బాబాయి ముప్పై ఏళ్లుగా గోడలకు రంగులు వేస్తున్నాడు. వాలు నేల మీద నిచ్చెన జారి రెండుసార్లు పడ్డాడు. రెండోసారి నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. అప్పుడు ఆలోచించి చేసిందే నిచ్చెన కాళ్లకి తొడిగే ఈ రబ్బరు పాదం. ఇది ఉంటే కింద నిచ్చెన పట్టుకోవడానికి మనిషి అక్కర్లేదు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ మనిషిని నేనే.

ఇప్పుడు పేటెంట్ ఏజెంటు దగ్గర, ఇలాంటి అభ్యంతరాలకు జవాబులు రాసే ఉద్యోగం నాది. బాబాయి దరఖాస్తు కూడా మా ఆఫీసు నుంచే వెళ్లింది. ఆఫీసులో నన్ను సవినయం అంటారు. పేరాకి ఒక రెస్పెక్ట్‌ఫుల్లీ పడకపోతే నాకు తోచదు. వాళ్లు ఎగతాళికే అంటారు కానీ నాకు గర్వంగానే ఉంటుంది.

మార్చి 7, శుక్రవారం

బాబాయి తన జవాబు కాగితం మీద రాసి ఫొటో తీసి పంపాడు. పాత పాదాన్ని ఎక్కే ముందు స్క్రూ తిప్పి బిగించుకోవాలి, నాది ఎక్కాక మనిషి బరువుకి తనే బిగుసుకుంటుంది, ఈ మాత్రం తెలియనాయన్ని ఒకసారి నిచ్చెనెక్కి చూడమను అని. కింద ఇంకో మాట కూడా ఉంది. అది డైరీలో కూడా రాయను.

ఇలా పంపితే కొంప మునుగుతుంది. రిపోర్టు రాసిన ఎగ్జామినర్ కూడా మనిషే కదా. నాలుగు మంచి మాటలు చెబితే మెత్తబడతాడు.

మార్చి 11

జవాబు పంపాం. మూడు పేజీలు. మొదటి వాక్యం నాకే ముద్దొచ్చింది. పాదాలు రెండూ ఒకేలా ఉన్నాయన్న ఎగ్జామినర్ గారి పరిశీలనను అప్రిషియేట్ అండ్ యాక్సెప్ట్ చేస్తున్నాం, అయినప్పటికీ, అంటూ మొదలవుతుంది. స్క్రూ సంగతి రెండో పేజీలో మర్యాదగా పెట్టాను. బాబాయి కోపం ఆనవాలు కూడా లేదు. మా సీనియర్, అంటే ఏజెంటు, చదివి సంతకం పెట్టాడు.

జూన్ 18, బుధవారం

రెండో రిపోర్టు. రెండూ ఒకటేనని దరఖాస్తుదారుడే యాక్సెప్ట్ చేశాడు కాబట్టి మిగతా వాదన చూడాల్సిన పని లేదని రాశాడు ఎగ్జామినర్. నా వాక్యాన్ని మూడుచోట్ల కోట్ చేశాడు.

సీనియర్ అరవలేదు. జవాబుకి గడువు జూలై 2, ఇదే ఆఖరిది అన్నాడు. పోతే ఆ పాదం ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. అది నాది అనే హక్కు బాబాయికి ఉండదు.

యాక్సెప్ట్. ఆ మాట ఎవరడిగారు నన్ను?

జూన్ 20

బాబాయికి చెప్పాను. తిడతాడనుకుని సిద్ధపడి వెళ్లాను. తిట్టలేదు. బ్రష్ కడగడం పూర్తిచేసి ఆరబెట్టాడు. తర్వాత, సరేనండి, మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పేదేముంది అన్నాడు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి "ఏమే" తప్ప ఇంకోలా పిలిచిన మనిషి కాదు.

జూన్ 21

పిన్ని ఫోన్. తనతో మామూలుగానే ఉన్నాడట. నా ఊసెత్తితే మాత్రం మేడమ్ గారు అంటున్నాడట. చెబుతూ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

జూన్ 26, గురువారం

ఎనిమిదో డ్రాఫ్టు. సూటిగా తప్పు ఒప్పుకోవద్దు, ఇనాడ్వర్టెంట్ అని గుంభనంగా రాయి అన్నాడు సీనియర్. రాశాను. చదివితే ఎవరో ఎక్కడో పొరపాటున తుమ్మినట్టుంది.

జూన్ 29, ఆదివారం

బాబాయి ఇంటికి వెళ్లాను. రండి, కూర్చోండి అన్నాడు. కుర్చీ తుడిచి మరీ వేశాడు. ఇంతకంటే నాలుగు దెబ్బలు వేస్తే బాగుండేది.

కూర్చోలేదు. నిచ్చెన తీసుకెళ్లి ఇంటి ముందు, స్కూటర్ ఎక్కించే ర్యాంపు మీద నిలబెట్టి గోడకి ఆనించాను. చిన్నప్పుడు పట్టుకోవడమే తప్ప ఒక్కసారి కూడా ఎక్కలేదు. మూడో మెట్టు మీద ఉండగా కింద రబ్బరు నేలని కరుచుకోవడం నా అరికాళ్లకి తెలిసింది. ఐదో మెట్టు మీద నిలబడి గట్టిగా ఊపాను. కదల్లేదు.

కింద నుంచి జాగ్రత్తండి అన్నాడు. జాగ్రత్తకి కూడా అండి.

నాలుగు నెలలుగా ఈ నిచ్చెన గురించి రాస్తున్నాను. ఒకసారి ఎక్కి చూడమని బాబాయి అనాల్సింది ఎగ్జామినర్ని కాదు, నన్ను.

జూలై 2, ఉదయం 11

పంపేశాం. ఒక్కటే పేజీ. యాక్సెప్ట్ అన్నది దరఖాస్తుదారుడి మాట కాదు, జవాబు రాసిన నా మాట, మర్యాద కోసం రాశాను, అది నిజం కాదు అని మొదలుపెట్టాను. ఆ తర్వాత స్క్రూ, బరువు, ర్యాంపు. నాలుగు వాక్యాలు.

సీనియర్ దాన్ని చాలాసేపు చూశాడు. ఈ ఆఫీసు నుంచి ఇలాంటి జవాబు ఎప్పుడూ వెళ్లలేదన్నాడు. ఒక్క రెస్పెక్ట్‌ఫుల్లీ అయినా లేకపోతే నువ్వు రాసినట్టుండదు, ఎక్కడో ఒకచోట పెట్టు అన్నాడు. ఆయన సంతకం పైన పెట్టాను.

ఆగస్టు 13

ఏమీ రాలేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

వచ్చింది. రెండు లైన్లు. క్లారిఫికేషన్‌కి థాంక్స్, అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను అని. పేటెంట్ ఇస్తారు. ఆయన ఉత్తరంలో రెస్పెక్ట్‌ఫుల్లీ లేదు. వెతికాను.

బాబాయికి ఫోన్ చేశాను. చాలా సంతోషమండి అన్నాడు. ఆ రెండు లైన్లూ నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. అయినా అండి అన్నాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం, ఉదయం 7

బాబాయి ఫోన్. ఏమే, నిచ్చెన పట్టుకోవడానికి మనిషి లేడు, ఒకసారి రా అన్నాడు.

పట్టుకోవడానికి మనిషి అక్కర్లేని నిచ్చెన అది. ఆ సంగతి నేను ఎత్తలేదు. వెళ్తున్నాను.